జాగ్రత్త: ‘24 గంటలూ దానంతటదే నడిచే సర్వర్’ అంటే బ్యాలెన్స్ అప్పుడే కట్టేయకండి

శ్రీకాకుళం, పలాస వైపు రైసు మిల్లులకీ, జీడిపప్పు ఫ్యాక్టరీలకీ కొత్త సరుకొకటి అంటగడుతున్నారు. కాటా సాఫ్ట్‌వేరో బిల్లింగ్ ప్రోగ్రామో సర్వర్‌లో, అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌లో పెట్టేస్తాం, ఇక మీరు చెయ్యి పెట్టక్కర్లేదు అంటారు. పెట్టిన రోజు బ్రహ్మాండంగా నడుస్తుంది. నడవదా మరి, పెట్టినవాడు అందులో లాగిన్ అయ్యే ఉంటాడు!

ముందు డెస్క్‌టాప్ కుడివైపు కింది మూల చూడండి. ‘ఎవాల్యుయేషన్’ అన్న అక్షరాలుంటే అది 180 రోజుల ట్రయల్ విండోస్ సర్వర్. లైసెన్సు డబ్బులు మీ దగ్గర తీసుకుని ట్రయల్ ఎక్కించారన్నమాట. గడువు దాటాక అది గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది, లారీ కాటా మీదున్నా సరే. అక్షరాలు కనబడకుండా దాచేశారని అనుమానముంటే కమాండ్ ప్రాంప్ట్‌లో slmgr /dlv అని కొట్టండి, డిస్క్రిప్షన్ వరసలో ‘ఎవాల్’ అని బయటపడుతుంది.

ఇక ‘మూడ్రోజులకోసారి ఆగిపోతోంది’ అన్న ఫిర్యాదు. వైరస్ అంటారు, నెట్ అంటారు, విజిట్ ఛార్జీ అడుగుతారు. చాలాసార్లు దొంగ టాస్క్ షెడ్యూలర్‌లోనే, అంటే ప్రోగ్రాముల్ని వాటంతటవే మొదలుపెట్టే విండోస్ పనిముట్టులోనే ఉంటాడు. సెట్టింగ్స్ ట్యాబ్‌లో ‘3 రోజులు దాటితే టాస్క్ ఆపు’ అన్న టిక్కు మొదట్నుంచీ పెట్టే ఉంటుంది, అది తీసేయాలి. పక్కనే కండిషన్స్ ట్యాబ్‌లో ‘బ్యాటరీ మీదకి మారితే ఆపు’ అని ఇంకోటి. యూపీఎస్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపితే విండోస్ దాన్ని బ్యాటరీగానే లెక్కేస్తుంది. అంటే కరెంటు పోగానే యూపీఎస్ నిలబడుతుంది, ప్రోగ్రామ్ పడిపోతుంది. మన కరెంటు సంగతి తెలిసిందేగా.

తెర మీద విండోలు తెరిచే ప్రోగ్రామ్‌కి ఆ టాస్క్‌లోనే ‘యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు’ అని పెట్టడం ఇంకో తప్పు. అలా పెడితే ప్రోగ్రామ్ ఎవరికీ కనబడని సెషన్ 0లో నడుస్తుంది. మధ్యలో ‘ఓకే నొక్కండి’ అని చిన్న డబ్బా వస్తే నొక్కే నాథుడుండడు, అక్కడే వేలాడుతుంది. అలాంటి ప్రోగ్రామ్‌కి ఆటోలాగాన్ (మెషీన్ లేవగానే దానంతటదే లాగిన్ అవడం) పెట్టి, ఎవరైనా లాగిన్ అయినప్పుడు మొదలయ్యేలా ఉంచాలి. ఆ యూజర్ అడ్మిన్ కాకూడదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే వేరే కంప్యూటర్ నుంచి సర్వర్ తెర తెరిచి, పని అయ్యాక డిస్‌కనెక్టే కొట్టాలి, సైన్ అవుట్ కొడితే ప్రోగ్రామ్ పోతుంది. బటన్లు వాటంతటవే నొక్కే స్క్రిప్టులుంటే డిస్‌కనెక్ట్ చేసినా ఆగిపోతాయి, ఎందుకంటే నొక్కడానికి తెర ఉండదు. ఈ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) బయటి నెట్‌కి తెరిచి పెట్టనివ్వకండి, వీపీఎన్ (నెట్ మీద రహస్యంగా ఉండే సొంత దారి) అడగండి.

అప్పగించేటప్పుడు మీ కళ్లెదుటే మెషీన్ షట్‌డౌన్ చేయించి, మెయిన్‌తో పాటు యూపీఎస్ కూడా ఆపి, పది నిమిషాలకి రెండూ వేయించండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల్లో) ‘కరెంటు రాగానే ఆన్’ పెట్టి ఉంటే అదే లేస్తుంది. కీబోర్డు ఎవరూ ముట్టుకోకుండా ఇంకో కంప్యూటర్లోంచి ఒక బిల్లు పడుతుందేమో చూడండి. తర్వాత ప్రోగ్రామ్ నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి రెండు నిమిషాలు తీయండి, ప్రోగ్రామ్ ఆగకూడదు. ఆపైన నాలుగు రోజులు వదిలేసి, మిగతా డబ్బులు అయిదో రోజున ఇవ్వండి.