తెరచాపకు నాలుగు నక్షత్రాలు, లంగరుకు సున్నా

మాది హాలియా దగ్గర పల్లె. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని మా మేనమామ బావిలో ఈత నేర్చుకున్నాను. ముప్పై అడుగులు మునిగి అడుగు మట్టి పిడికిట్లో పట్టుకుని పైకి వచ్చేదాన్ని. ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లి, ఒకప్పటి హేవ్‌లాక్ అయిన స్వరాజ్ ద్వీపంలో రెండు రోజులకు తెరచాప పడవ మాట్లాడుకున్నది ఆ ధైర్యంతోనే. మా ఇద్దరికి నలభై రెండు వేలయింది.

స్కూబా, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్లలోకి దిగడం, నేర్పిన అబ్బాయి అక్కడి తెలుగువాడే. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వెళ్లాడట. "అమ్మా, ఊపిరి మాత్రం బిగపట్టకండి" అన్నాడు. నా విద్యంతా అదే కదా! లోతులో పీల్చిన గాలి పైకి వస్తుంటే వ్యాకోచిస్తుంది, వదలకపోతే ఊపిరితిత్తులు చిరుగుతాయి. నలభై ఏళ్ల అలవాటు మాన్పించడానికి నడుము లోతు నీళ్లలో అరగంట నిలబెట్టాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బావిలో చెవులు పోటెత్తితే పైకి పరుగెత్తడమే తెలుసు నాకు. ముక్కు మూసి మెల్లగా ఊదితే సర్దుకుంటాయని ఇన్నేళ్లకు తెలిసింది. తొమ్మిది మీటర్ల దగ్గర నా ఎర్ర గాజులు మట్టిరంగుకు తిరిగాయి. అతను టార్చి వేయగానే మళ్లీ ఎర్రబడ్డాయి. నీరు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగేస్తుందట.

రెండో రోజు మళ్లీ దిగుతానంటే ఒప్పుకోలేదు. మర్నాడు విమానం ఉంది. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగమంటారు, వీళ్లు నిండా 24 గంటలు పాటిస్తారు. డబ్బుకు ఆశపడకపోవడం నచ్చింది. ఆ రోజు స్నార్కెలింగ్‌తో, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైపైన ఈదడంతో సరి.

తెరచాప విప్పింది మొత్తం మూడు గంటలే. గాలి పడిపోగానే మోటారు వేశారు. అయినా ఆ మూడు గంటల నిశ్శబ్దం వేరు. సాగర్‌లో నాగార్జునకొండకు లాంచీలో వెళ్తే పక్కవాళ్ల మాట కూడా వినబడదు.

ఇక లంగరు సంగతి. మొదటి రోజు పడవలు కట్టేందుకని నీళ్లలో తేలేలా ఉంచిన బోయాకు కట్టారు, బాగుంది. రెండో రోజు నేరుగా పగడాల మీదే లంగరు వేశారు. గొలుసు ఈడ్చుకుపోయి కొమ్మ పగడం విరగడం కళ్లారా చూశాను. అడిగితే "చచ్చిన రాయి" అన్నాడు పడవ నడిపే ఆయన. అది రాయి కాదు, చిన్న చిన్న జీవుల కాలనీ. కొమ్మలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో మన అమ్రాబాద్ పులి ఉన్నచోటే పగడమూ ఉంది. అందుకే ఈ పడవ పేరు ఎవరికీ చెప్పడం లేదు. ఆ అబ్బాయి ఫోన్ నంబరు మాత్రం దాచుకున్నాను.

అద్దె మాస్కు కూడా కారింది. సిలికాన్ అంచు గట్టిపడిపోయింది. ఈసారి హైదరాబాద్‌లో సొంతది కొని, ముందు మా బావిలోనే వేసుకుని చూస్తాను, వేసవి దాకా నీళ్లుంటే.