నాలుగేండ్లు టు-డూ లిస్ట్ రాశాక నాకు అర్థమైంది

2021 దసరా అయిపోయిన వారం టు-డూ లిస్ట్ రాయడం మొదలుపెట్టాను. హనుమకొండలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మందులు. వీటి మధ్య నాకోసం అనుకున్న పనులు ఏటికేడు వెనక్కి పోతున్నాయన్న బాధ ఉండేది. మొదట ఫోన్‌లో ఒక యాప్ వాడాను, తర్వాత లాంగ్ నోట్‌బుక్, ఇప్పుడు రెండూ వాడుతున్నాను.

మొదటి రోజు రాసుకున్న వాటిలో మూడు నాకు ముఖ్యం. అమ్మమ్మ బతుకమ్మ పాటలన్నీ రాసిపెట్టాలి. గోల్డ్ లోన్ తీర్చాలి. రోజూ నడవాలి. వీటి పక్కనే గ్యాస్ బుక్ చేయడం, స్కూల్ ఫీజు, కిరాణా సామాన్లు. రాత్రికి గ్యాస్‌కు టిక్ పడేది. ఆ మూడూ అలాగే ఉండేవి. ఇంటి పనులకు లిస్ట్ మొదటి రోజు నుంచే బాగా పనిచేసింది, దాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు.

పాటల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. అమ్మమ్మ ఉండేది పరకాల దగ్గరి పల్లెలో. బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూల నాటి నుంచి చివరి రోజు సద్దుల దాకా, ఒక రోజు పాడిన పాట ఇంకో రోజు పాడకుండా నడిపించగలదు. ఆమె అక్క, మా పెద్దమ్మమ్మ, పక్కనే ఉండి అందుకునేది. "పాటలన్నీ రాసిపెట్టాలి" అన్న ఆ ఒక్క వరుసను నేను పద్నాలుగు నెలలు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మోశాను. 2022 డిసెంబర్‌లో పెద్దమ్మమ్మ చనిపోయింది. ఆమెకు మాత్రమే పూర్తిగా వచ్చిన పాట ఒకటుంది. అందులో సగమే అమ్మమ్మకు గుర్తుంది.

దినాలు అయి ఇంటికి వచ్చిన రాత్రి ఆ వరుసను మళ్లీ చదివాను. అందులో చేయడానికి ఏమీ లేదు. ఎప్పుడు వెళ్లాలి, వెళ్లి ముందు ఏం చేయాలి అన్నది లేదు. కొట్టేసి ఇలా రాశాను: "ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పరకాల బస్సు. ఒక్క పాట ఫోన్‌లో రికార్డు." వెళ్లాను. అమ్మమ్మ ఆ రోజు నాలుగు పాడింది. తర్వాతి వరుస: "సోమవారం పిల్లలు పడుకున్నాక మొదటి పాట సగం రాయాలి." ఇప్పటికి యాభై ఎనిమిది పాటలు రెండు నోట్‌బుక్కుల్లో ఉన్నాయి.

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో ఇదే మాట ఉందని తర్వాత తెలిసింది. ఫలానా సమయానికి, ఫలానా చోట, ఫలానా పని చేస్తానని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే "చేయాలి" అనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా చేస్తారట. నాకు మాత్రం ఇది పెద్దమ్మమ్మ పోయాక తెలిసింది.

లోన్ కూడా అంతే. "లక్షా ఇరవై వేలు తీర్చాలి" అన్న వరుసను చూస్తేనే టెన్షన్ వచ్చేది. 2023 ఫిబ్రవరి నుంచి "జీతం పడిన రోజే అసలులో 5,000" అని మార్చాను, వడ్డీ వేరే. ఇరవై నాలుగు టిక్కులు పడ్డాక 2025 సంక్రాంతి నెలలో గాజులు ఇంటికి వచ్చాయి.

నడక విషయంలో లిస్ట్ నాకు పనికిరాలేదు, ఇది కచ్చితంగా చెప్తాను. రోజూ చేసే పనిని రోజూ రాస్తే రెండు రోజులు తప్పగానే అప్పు పెరిగినట్టు అనిపిస్తుంది. అందుకే దాన్ని గోడ మీది క్యాలెండర్‌కు మార్చాను. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచిన రోజు ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. నెలకు పద్దెనిమిదికి తగ్గడం లేదు.

యాప్ గురించి. తేదీ ఉన్న పనులకు, అంటే చిట్టీ, బిల్లులు, మందుల డేట్లకు, యాప్‌ను మించింది లేదు. కానీ నేను మొదట వాడినదాంట్లో తేదీ దాటినవన్నీ ఎర్రగా కనిపించేవి. ఒకసారి నలభై మూడు ఉన్నాయి. వారం రోజులు దాన్ని తెరవలేదు. ఫోన్ మార్చినప్పుడు లాగిన్ అయి లేనందువల్ల లిస్ట్ మొత్తం పోయింది కూడా. తర్వాత మైక్రోసాఫ్ట్ టు డూ వాడాను. అందులో "మై డే" పేజీ ప్రతి రాత్రి ఖాళీ అవుతుంది, మిగిలిన పనులు వాటి లిస్టుల్లో భద్రంగానే ఉంటాయి, ఈ రోజుకు ఏవో పొద్దున మళ్లీ మనమే ఎంచుకోవాలి. ఆ పద్ధతి నాకు చాలా నచ్చి నోట్‌బుక్‌లోకి తెచ్చుకున్నాను. రోజుకు మూడే, అందులో ఒకటి నాకోసం.

నోట్‌బుక్ బలం ఇంకోటి. మిగిలిన పనిని మళ్లీ చేత్తో రాయాలి. మూడోసారి రాయాల్సి వస్తే ఆగి ఆలోచిస్తాను: దీన్ని చిన్నది చేయాలా, కొట్టేయాలా? "కుట్టు నేర్చుకోవాలి" అలాగే కొట్టేశాను. అది నా కోరిక కాదు, పక్కింటివాళ్లు నేర్చుకుంటున్నారని రాసుకున్నది.

ఆదివారం ఇరవై నిమిషాలు కూర్చుని లిస్ట్ చూసుకోలేని వాళ్లకు ఈ పద్ధతి నిలబడదు. 2024లో అత్తమ్మ మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ నోట్‌బుక్ మూసేశాను. తిరిగి వచ్చాక పాత పేజీల్లోంచి ఏదీ మోయకుండా కొత్త పేజీ మొదలుపెట్టాను. అలా చేయడమే మంచిదైంది.

ఈ వారం నాకోసం రాసుకున్నది ఇది: "శనివారం సాయంత్రం ఏడింటికి మామకు ఫోన్. పెద్దమ్మమ్మతో కలిసి ఆడిన వాళ్లు ఊళ్లో ఎవరున్నారో, ఆ పాట మిగతా సగం ఎవరికైనా వచ్చేమో అడగాలి."