గ్యారేజీలో కట్టుకున్న మిర్రర్ డింగీ: కొన్నేళ్లు నడిపాక నా అభిప్రాయం

ఇంట్లో కట్టుకోవడానికి చెక్క తెరచాప పడవ ఏది మంచిదని ఇక్కడ ఇంగ్లండులో మనవాళ్లు అడిగితే, మిర్రర్ పేరే చెబుతాను. పడవల డిజైనర్ జాక్ హోల్ట్, టీవీలో ఇంటి పనులు నేర్పిన బ్యారీ బక్‌నెల్ కలిసి చేసిన ఈ డిజైన్‌ని డెయిలీ మిర్రర్ పత్రిక 1963లో జనంలోకి తెచ్చింది. 70,000కి పైగా తయారయ్యాయి. పొడవు 3.3 మీటర్లు, ఒట్టి పడవ బరువు సుమారు 45 కిలోలు. ఇద్దరుంటే కారు మీదకి ఎక్కించేయొచ్చు.

కట్టడంలో నాకు బాగా నచ్చింది కుట్టు పని. ప్లైవుడ్ పలకల అంచుల్లో బెజ్జాలు వేసి రాగి తీగతో కలుపుతాం. పటకారుతో తీగను మెలిపెడుతుంటే పలక కిర్రుమంటూ వంగుతుంది, సందు మూసుకుంటుంది, చదునైన చెక్కకి పడవ ఆకారం వచ్చేస్తుంది. ఆ అతుకుల మీద ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) గ్లాస్ టేప్ (గాజు నారతో నేసిన పట్టీ) వేయాలి. చలిలో ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడుతుంది, పైన జిడ్డు పొర తేలుతుంది. సాండ్ పేపర్ పట్టే ముందే దాన్ని మామూలు నీళ్లతో రుద్ది కడగాలి, లేకపోతే పెయింట్ నిలవదు. మన తెలుగు ఊళ్ల ఎండల్లో అయితే టెన్షన్ వేరే: కలిపిన కప్పులోనే వేడెక్కి గడ్డకడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకుని వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి.

ఇన్నేళ్లలో ఒక్క అతుకూ వదల్లేదు. ఇబ్బందంతా ప్లైవుడ్ అంచులతో, స్క్రూ బెజ్జాలతోనే. అక్కడ నీరు చేరితే చెక్క నల్లబడి పొరలు ఉబ్బుతాయి. అందుకే కట్టేటప్పుడే ప్రతి అంచుకీ ఎపాక్సీ రెండు మూడు పూతలు పట్టించాలి. స్క్రూ బెజ్జాన్ని పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలవాలి. విసుగు పనే, కానీ పడవ ఆయుష్షు దీని మీదే ఉంది. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన పెయింటో వార్నిషో తప్పదు. వార్నిష్ నేను ఏటా వేస్తాను.

ముందు భాగం మొండిగా ఉండటంతో చిన్న అలలకి కూడా దబదబ కొట్టుకుంటుంది, నీళ్లు మీద పడతాయి. వేగం కోరేవాళ్లకి ఇది నప్పదు. కానీ లోపల చోటు బోలెడు, పక్కల గాలి గదులున్నాయి కాబట్టి తిరగబడినా మునగదు. పిల్లలకి నేర్పడానికి ఇంతకంటే నమ్మకమైనది నేను చూడలేదు. తెరచాప కొయ్యలు పొట్టివి, విప్పితే పడవలోనే ఇమిడిపోతాయి.

కట్టే సరదా లేకుండా నడిపితే చాలనుకుంటే పాతది కొనుక్కోండి. కొనేముందు డాగర్‌బోర్డ్ (పడవ పక్కకి జారకుండా మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) దిగే చోట చెక్కని గోరుతో నొక్కి చూడండి. మెత్తగా దిగితే వదిలేయండి.