రెండేళ్ల తర్వాత నా వైర్‌లెస్ హెడ్‌ఫోన్: వినడానికి బంగారం, దాని మైకు మాత్రం వద్దు

ఈ హెడ్‌ఫోన్ కొని రెండేళ్ల మూడు నెలలైంది. వారానికి ఐదు రోజులు, రోజుకు మూడు గంటలకు తక్కువ కాకుండా నా తలమీదే ఉంటుంది. ఏ కంపెనీదో రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బంది ఆ ఒక్క కంపెనీది కాదు. మైకున్న బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ను డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు కలిపి వాడేవాళ్లు చాలామందికి ఇదే జరుగుతూ ఉంటుంది. నాలాగే వాళ్లు కూడా ఇంటర్నెట్‌నో, అవతల మనిషినో తప్పుపట్టుకుంటూ ఉంటారేమోనన్న బాధతో రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో కర్ణాటక సంగీతం నేర్పిస్తాను, గాత్రం. ఇంటికొచ్చే పిల్లలు కాక ఆన్‌లైన్‌లో తొమ్మిది మంది ఉన్నారు. అందులో ఆరుగురు డల్లాస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలు. వేసవిలో నాకు తెల్లవారుజాము ఐదున్నరైతే వాళ్లకు ముందురోజు సాయంత్రం ఏడు. నవంబరులో వాళ్ల గడియారాలు వెనక్కి జరిగాక నా క్లాసు ఆరున్నరకి మారుతుంది. ఆ వేళకి ఇంట్లో ఇంకా ఎవరూ లేవరు కాబట్టి స్పీకర్లు పెట్టడానికి లేదు. పైగా నేను కుర్చీలో కూర్చుని పాడలేను. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటేనే ఊపిరి సరిగ్గా అందుతుంది. కంప్యూటరేమో బల్లమీద ఉంటుంది. అంతకుముందు వాడిన వైరు హెడ్‌ఫోన్ ప్రతి క్లాసులోనూ ఒకసారైనా మోకాలికి తగులుకుని ఊడొచ్చేది. అందుకే వైర్‌లెస్ కొన్నాను.

మొదటి నాలుగు నెలలు నిజంగా పండగే. చాప మీద కూర్చున్నా, తంబూరా శ్రుతి చూసుకోవడానికి లేచి గది అవతలికి వెళ్లినా పిల్లల గొంతు చెవిలోనే ఉండేది. పిల్ల దాటు వరసల్లో (స్వరాలను దాటుకుంటూ పాడే అభ్యాసంలో) ఎక్కడ ఊపిరి తీసిందో, గమకం దగ్గర గొంతు ఎక్కడ తడబడిందో స్పష్టంగా వినపడేది. తెలిసిన వాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా.

ఐదో నెలలో నా వెబ్‌క్యామ్ పాడైంది. బొమ్మ వచ్చేది, దాని మైకు మాత్రం పనిచేయలేదు. హెడ్‌ఫోన్‌కే మైకుంది కదా, వేరే దానికి డబ్బెందుకని యాప్‌లో ఆ మైకును ఎంచుకున్నాను. నా గొంతు పిల్లలకు వినపడుతోంది, వాళ్లది నాకు వినపడుతోంది. అంతటితో పని అయిపోయిందనుకున్నాను.

ఆ వారం నుంచే పిల్లల గొంతులు బావిలోంచి వచ్చినట్టు వినపడటం మొదలైంది. అది ఆగస్టు, వానలు పడుతున్నాయి. లైను బాగాలేదేమోనని నెట్ అతనికి ఫోన్ చేస్తే వచ్చి చూసి, స్పీడు బాగానే ఉందండీ అన్నాడు. క్లాసు అయిపోయాక అదే హెడ్‌ఫోన్‌లో కచేరీ రికార్డింగులు వింటే శుభ్రంగా ఉండేవి. కాబట్టి హెడ్‌ఫోన్ మీద నాకు అనుమానమే రాలేదు. తర్వాత మీటింగ్ యాప్ మీద పడ్డాను. ఈ యాప్‌లు మామూలుగా ఏకధాటిగా వచ్చే శబ్దాన్ని ఫ్యాను మోతలాంటిదనుకుని తగ్గించేస్తాయి. తంబూరా నాదం సరిగ్గా అలాంటిదే. జూమ్‌లో సంగీతం వాళ్ల కోసమే 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఒక సెట్టింగుంది. నేనూ పిల్లలూ అది పెట్టుకున్నాం. దానివల్ల పిల్లలకు నా తంబూరా బాగా వినపడసాగింది. నాకు వినపడేది మాత్రం ఏమీ మారలేదు.

ఇక్కడ జరిగిందే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. డల్లాస్‌లో తొమ్మిదేళ్ల పాప ఒకతి సరళి వరసలు పాడుతోంది. 'స' అన్నప్పుడల్లా నాకు 'ఫ'కీ 'హ'కీ మధ్య ఏదో వినపడేది. "స స్పష్టంగా పలకమ్మా, నాలుక పళ్ల వెనక్కి రావాలి" అని చెప్పాను. ఇంకాస్త నొక్కి పలికింది. నాకు తేడా తెలియలేదు. మళ్లీ చెప్పాను. అమెరికాలో పెరుగుతున్న పిల్ల కదా, ఉచ్చారణ అలా ఉందేమోనని నాకు నేనే ఒక కారణం కూడా చెప్పుకున్నాను. ఆరు వారాలు ఇలా సాగింది. పాప ఒక రోజు క్లాసుకి రానని ఏడ్చిందట. వాళ్లమ్మ ఫోన్ చేసి చాలా మర్యాదగానే అడిగింది. "టీచర్ గారూ, ఇంట్లో మాకు దాని స బాగానే వినపడుతోంది. మీరు చెప్పారని ఇప్పుడు మరీ బుస కొట్టినట్టు పలుకుతోంది. ఒకసారి రికార్డింగు వింటారా?" అంది. విన్నాను. పాప 'స' అక్షరం పాము బుసకొట్టినట్టుంది. ఆ పాడు అలవాటు నేర్పింది నేనే.

రికార్డింగులో అంత గట్టిగా ఉన్న స, క్లాసులో నా చెవిదాకా ఎందుకు రాలేదో రెండు రోజులు అంతుపట్టలేదు. మూడో రోజు తంబూరా వల్ల తెలిసింది. ఆ పూట నా అసలు తంబూరా తీగ తెగడంతో కంప్యూటర్‌లోనే తంబూరా యాప్ పెట్టుకుని పాఠం చెప్పాను. పాఠం అయ్యాక మీటింగ్ మూసేశాను. మూసిన మరుక్షణంలో తంబూరా ఒక్కసారిగా విచ్చుకుంది. తీగ కింద నూలుపోగు పెడితే వచ్చే ఆ రవళి, ఒక స్వరం మీద మరో పది స్వరాలు లేచినట్టుండే ఆ నిండుదనం అంతా తిరిగొచ్చేసింది. ఆ తంబూరా నా కంప్యూటర్‌లోనే మోగుతోంది, దానికి నెట్‌తో పనే లేదు. మళ్లీ మీటింగ్ తెరిచాను, నాదం ముడుచుకుపోయింది. మూశాను, విచ్చుకుంది. అలా ఐదారుసార్లు చేసి చూశాను. మైకు తెరిచినప్పుడల్లా నా హెడ్‌ఫోన్ వేరే వస్తువైపోతోందని అప్పుడు అర్థమైంది.

తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు రెండు పద్ధతులుంటాయి. ఒకటి పాటలు వినడానికి, దాన్ని ఏ2డీపీ అంటారు. ఇందులో శబ్దం ఒకవైపే, కంప్యూటర్ నుంచి చెవికి వస్తుంది. ఎడమ కుడి చెవులకు వేరువేరుగా, సెకనుకు మూడొందల పైచిలుకు కిలోబిట్ల సమాచారంతో రాగలదు. రెండోది ఫోన్ మాట్లాడటానికి, అంటే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతి. ఇందులో మాట అటూ ఇటూ వెళ్లాలి. పాత లెక్క ప్రకారం ఒక్కో వైపుకు దొరికేది 64 కిలోబిట్లే. శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తారు, కాబట్టి అందులో సగానికి, అంటే 4,000 హెర్ట్జ్‌కి (సెకనుకు అన్ని కంపనాలకి) పైనున్నదేదీ చెవిదాకా రాదు. 2011లో వచ్చిన మార్పుతో ఈ కొలత 16,000కి పెరిగింది కానీ, హెడ్‌ఫోన్, కంప్యూటర్ రెండూ దానికి ఒప్పుకోవాలి. నా దగ్గర ఆ జత కుదరలేదు. హెడ్‌ఫోన్ మైకును ఏ యాప్ తెరిచినా మొత్తం వ్యవహారం మొదటి పద్ధతి నుంచి రెండోదానికి దిగిపోతుంది.

స్వరస్థానాలు నాకు ఎందుకు తప్పలేదో కూడా దీంతో తేలింది. అయిదున్నర శ్రుతికి మధ్యస్థాయి షడ్జమం, అంటే స, సుమారు 208 హెర్ట్జ్. తారస్థాయి పంచమం, అంటే పై స్థాయిలోని ప కూడా 625 దాటదు. అవన్నీ 4,000 లోపలే ఉన్నాయి కాబట్టి పాప శ్రుతిలో ఉందో లేదో నేను సరిగ్గానే చెప్పగలిగాను. కానీ 'స' పలికేటప్పుడు పళ్ల మధ్య నుంచి వచ్చే గాలి చప్పుడు ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. శ, ష కాస్త కిందనుంచే మొదలవుతాయి కాబట్టి ఎంతో కొంత బతికాయి. స మాత్రం పూర్తిగా పోయింది. సంగీతంలో మొదటి అక్షరమే స. ఆ ఒక్కటీ నాకు వినపడని వస్తువు పెట్టుకుని ఆరు వారాలు పిల్లను సరిదిద్దానన్నమాట.

దీనికి విరుగుడు చాలా చిన్నది. బల్లమీద పెట్టుకునే యూఎస్‌బీ మైకు ఒకటి కొన్నాను, రెండు వేల లోపే అయింది. మీటింగ్ యాప్‌లో మైకుగా దాన్ని, స్పీకరుగా హెడ్‌ఫోన్‌ను ఎంచుకున్నాను. అక్కడితో వదలకుండా కంప్యూటర్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ పరికరాల జాబితా తెరిచి, హెడ్‌ఫోన్ మైకు మీద మౌస్ కుడి బటన్ నొక్కి డిజేబుల్ చేశాను. లేకపోతే ఏదో ఒక యాప్ మనకు చెప్పకుండా మళ్లీ దాన్నే తెరుస్తుంది. కొన్ని కంప్యూటర్లలో ఒకే హెడ్‌ఫోన్ రెండు పేర్లతో, స్టీరియో అనీ హ్యాండ్స్‌ఫ్రీ అనీ కనపడుతుంది. అలా ఉంటే వినడానికి స్టీరియోనే ఎంచుకోవాలి. ఆ రోజు నుంచి క్లాసులో తంబూరా ముడుచుకోలేదు. పాపకు, వాళ్లమ్మకు జరిగింది మొత్తం చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆ బుస పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

పెట్టె మీద మైకు గురించి గొప్పగా రాసేటప్పుడు, ఇది తెరిస్తే మీకు వినపడే నాణ్యత పడిపోతుంది అని ఒక్క వాక్యం రాయొచ్చు కదా. నా కోపమంతా అదే. వాళ్లకిది తెలియని విషయం కాదు. ఈ లోటును కూడా తీర్చగల ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతిని 2020 జనవరిలో ప్రకటించారు. ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్‌తో (శబ్దాన్ని కుదించి పంపే విధానంతో) తక్కువ బిట్లలోనే మెరుగైన శబ్దం ఇస్తుందది. అయితే హెడ్‌ఫోన్, కంప్యూటర్ రెండూ దానికి తగినవై ఉండాలి. నావి రెండూ కావు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నా డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ లేదు కాబట్టి చిన్న డాంగిల్ కొని సీపీయూ వెనక పెట్టాను. క్లాసు రికార్డింగులు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నప్పుడల్లా పాట తెగితెగి వచ్చేది, వైర్‌లెస్ మౌస్ కూడా మొరాయించేది. సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడి కొడుకు బల్లకిందకి దూరి చూసి, "అత్తా, హార్డ్ డిస్కు పక్కనే పెట్టావు డాంగిల్‌ని, అదే అడ్డం పడుతోంది" అన్నాడు. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుందట, బ్లూటూత్ నడిచేది ఆ మేరలోనే. 2012లో ఇంటెల్ వాళ్లే దీనిమీద ఒక పత్రం ప్రచురించారని చూపించాడు. మీటరు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి డాంగిల్‌ను బల్లమీదకు చేర్చాడు. ఇనప డబ్బా వెనక నుంచి బయటికొచ్చాక వంటింటిదాకా వెళ్లినా పాట తెగడం లేదు. రెండేళ్లలో ఈ హెడ్‌ఫోన్ కోసం పెట్టిన ఖర్చుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది ఆ వైరే.

ఫోన్‌కూ కంప్యూటర్‌కూ ఒకేసారి కలిసి ఉండటం గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు అది ఆపేసి వాడుతున్నాను. పాఠం మధ్యలో ఫోన్ మోగితే పిల్ల గొంతు ఆగిపోయి రింగు వినపడుతుంది. అది ఆగాక కూడా కంప్యూటర్ శబ్దం తిరిగి రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. రోజంతా ఆఫీసు పని చేసుకునేవాళ్లకు అది సౌకర్యమేమో. నాకు మాత్రం తాళం తప్పుతుంది. బ్యాటరీ మొదట్లో వారం వచ్చేది, ఇప్పుడు నాలుగు రోజులు. చెవి మెత్తల మీది తోలులాంటి పొర మా గోదావరి ఉక్కకి ఏడాదిన్నరకే పొట్టుపొట్టుగా రాలింది. నూలుగుడ్డ తొడుగులు కుట్టించుకున్నాను, అవే హాయిగా ఉన్నాయి.

మరి కొనొచ్చా అంటే, నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకరు పాటలు, ప్రవచనాలు మాత్రమే వింటారు. ఆయనకు ఏ ఇబ్బందీ లేదు, ఉండదు కూడా. రెండో ఆవిడ ఆన్‌లైన్‌లో వయొలిన్ నేర్పుతుంది. కమాను రాపిడి, నాదంలోని పై స్వరాలు అన్నీ వినపడాలి కాబట్టి ఆవిడ పరిస్థితి నాకంటే కష్టం. ఆవిడకు ఫోన్ చేసి వేరే మైకు కొనమని చెప్పాను. ఉత్త మాటలకే అయితే హెడ్‌ఫోన్ మైకు సరిపోవచ్చు, ఆఫీసు మీటింగులకు సరిపోతోందని మా ఆయన అంటారు. నేను గాత్రం చెప్పేదాన్ని, చాప మీద కూర్చునేదాన్ని, బల్లమీద విడిగా మైకు పెట్టుకోవడానికి చోటున్నదాన్ని. ఇవన్నీ కుదిరినవాళ్లయితే కొనుక్కోండి. డబ్బు లెక్క వేసేటప్పుడు మాత్రం మైకునీ, ఆ మీటరు వైరునీ కూడా కలిపి లెక్కేసుకోండి.