వేదిక మీదా, చీటీలోనా, పక్కకు పిలిచా: స్పీకర్‌కి ఏ ఫీడ్‌బ్యాక్ మేలు?

నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ లాంటి క్లబ్బుల్లో స్పీచ్ ఇచ్చినవాళ్లకి ఫీడ్‌బ్యాక్ మూడు రకాలుగా అందుతుంది. ఎవాల్యుయేటర్ (ఆ స్పీచ్ ఎలా ఉందో చెప్పే పని అప్పగించిన సభ్యులు) వేదికెక్కి అందరి ముందూ చెప్పేది, సభ్యులు చీటీల మీద రాసిచ్చేది, మీటింగ్ అయ్యాక పక్కకు పిలిచి చెప్పేది. నా ఓటు మొదటిదానికే. కాకపోతే అది మామూలుగా నడిచే తీరుకి మాత్రం కాదు.

మామూలుగా ఏం జరుగుతుంది? ఎవాల్యుయేటర్‌కి దొరికేది 2 నుంచి 3 నిమిషాలు. టైమ్ గుర్తుచేయడానికి రెండింటికి పచ్చ లైటు, రెండున్నరకి పసుపు, మూడుకి ఎరుపు. ఆ కాస్త టైమ్‌లో సగం స్పీచ్‌ని తిరిగి చెప్పడానికే పోతుంది: "ముందు మీ నాన్నగారి గురించి చెప్పారు, తర్వాత ఉద్యోగం గురించి చెప్పారు..." అదంతా ఇప్పుడే విన్నాం కదండీ! మిగతా సగంలో శాండ్‌విచ్ పద్ధతి: పొగడ్త, సలహా, మళ్లీ పొగడ్త. కొన్నాళ్లు క్లబ్బుకి వచ్చినవాళ్లెవరైనా మొదటి పొగడ్త వినగానే "కానీ" ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. ఇక ఆ పొగడ్త ఎంత నిజమైనా చెవికెక్కదు.

పనికొచ్చే ఎవాల్యుయేషన్ ఇలా ఉంటుంది: "ఆస్పత్రి వరండాలో డాక్టర్ బయటికొచ్చారని చెప్పి ఆగారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. వెంటనే 'సో' అంటూ మీరే దాన్ని చెడగొట్టారు. ఈసారి అలాంటి చోట మనసులో మూడు లెక్కపెట్టాకే నోరు తెరవండి." మెప్పూ ఉంది, లోపమూ ఉంది, రెండూ ఒకే క్షణానివి. ఏం చేయాలో కూడా తెలిసిపోయింది. పైగా తర్వాతి వారం మాట్లాడబోయేవాళ్లు కూడా విన్నారు. ఈ లాభం మిగతా రెండు దారుల్లో లేదు.

చీటీల సంగతి వేరు. విడివిడిగా చూస్తే చాలావాటిలో సరుకుండదు: "సూపర్!", "ఐ కాంటాక్ట్ ఇంకా ఉండాలి." అన్నీ పక్కపక్కన పెట్టి చదివితేనే విషయం బయటపడుతుంది. రెండో ఉదాహరణ దగ్గర అర్థం కాలేదని ఒకరు రాస్తే ఆయన పరధ్యానం అనుకోవచ్చు, ఏడుగురు రాస్తే తప్పు స్పీచ్‌దే. ఎంత అనుభవమున్న ఎవాల్యుయేటరైనా ఒక్కరి చెవులతోనే వింటారు కాబట్టి ఈ సంగతి చీటీలే చెప్పాలి. కాస్త పాతబడ్డ స్పీకర్లకి, పోటీకి తయారయ్యేవాళ్లకి ఇవి బంగారం.

ఆ-కౌంటర్, అంటే మాటల మధ్య దొర్లే 'ఆ', 'సో' లాంటివి లెక్కపెట్టే సభ్యులు, ఇచ్చే రిపోర్టు గురించి కూడా ఒక మాట. "పదకొండు 'ఆ'లు" అని లెక్క చదివితే స్పీకర్ బిక్కమొహం వేయడం తప్ప ఒరిగేదేమీ లేదు. అవి ఎక్కడ వచ్చాయో చెప్పాలి. ఎక్కువగా ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కి దాటేటప్పుడే వస్తాయి, అంటే ఆ దాటే వాక్యాన్ని ముందుగా అనుకోలేదన్నమాట.

పక్కకు పిలిచి చెప్పేది కొన్నిటికే పనికొస్తుంది, కానీ ఆ కొన్నిటికి ఇంకో దారి లేదు. యాస, బట్టలు, నత్తి, ఎవరినో నొప్పించిన జోకు, ఇంట్లో విషయం చెబుతూ కన్నీళ్లు పెట్టుకోవడం... ఇలాంటివి మైకులో చెప్పకూడదు. అయితే మీటింగ్ ముగిసిన హడావుడిలో "తర్వాత చెబుదాంలే" అనుకున్నది చాలాసార్లు చెప్పకుండానే పోతుంది. అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

ఏ దారైనా స్పీచ్‌కి ముందు ఒక్క ప్రశ్న అడిగితే సగం పని అయిపోయినట్టే: "ఈసారి దేని మీద దృష్టి పెడుతున్నారు?" గొంతులో ఎత్తుపల్లాల మీద కసరత్తు చేస్తున్న మనిషికి చేతుల గురించి పాఠం చెబితే ఏం లాభం?

ఐస్‌బ్రేకర్, అంటే క్లబ్బులో తమ మొదటి స్పీచ్, ఇచ్చేవాళ్లకి మాత్రం లెక్క మారుతుంది. 4 నుంచి 6 నిమిషాలు నిలబడి తన గురించి చెప్పుకోవడమే వాళ్లకి పెద్ద పని. వాళ్లకి వేదిక మీద నుంచి ఒకే ఒక్క సలహా చాలు. చీటీలు రాసేవాళ్లు నచ్చిన మాటొకటి రాసి ఊరుకోవాలి, సవరణలు రెండో స్పీచ్ నుంచి.