తరగతి గదిలో మోనోపొలీ: ఏ పాఠానికి పనికొస్తుంది, ఎక్కడ తప్పు నేర్పుతుంది

విద్యార్థులకు డబ్బు పాఠాలు, అర్థశాస్త్రం మొదటి మెట్లు చెప్పడానికి ఏ ఆట కొనాలని అడిగితే మా జవాబు, పాచికలు వేసి స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే బోర్డు ఆట మోనోపొలీయే. అయితే రెండు షరతులున్నాయి. కాగితం నోట్లున్న మామూలు కూర్పే తీసుకోవాలి. పెట్టెలో వచ్చే నియమాల పుస్తకాన్ని టీచర్ ముందుగా పూర్తిగా చదవాలి. ఇళ్లలో అలవాటుగా ఆడే ఆటకీ, పుస్తకంలో రాసి ఉన్న ఆటకీ చాలా తేడా ఉంది. ఇంట్లో వదిలేసే నియమాల్లోనే అసలు పాఠం దాగి ఉంది.

కూర్పుల సంగతి ముందు చూద్దాం. నోట్లకు బదులు బ్యాంకు కార్డులు, చిన్న యంత్రంతో నడిచే రకాలు చూడ్డానికి ఆకర్షణగా ఉంటాయి కానీ తరగతికి పనికిరావు. కూడికలు, తీసివేతలు యంత్రమే చేసేస్తుంది; చేతిలో నోట్లు తగ్గుతున్న సంగతి పిల్లలకు తెలియదు. జూనియర్ కూర్పు చిన్నపిల్లలకు సరదా ఆటే, కానీ అందులో తాకట్టు లేదు కాబట్టి అప్పు గురించి చెప్పడానికి ఏమీ దొరకదు. మామూలు పెట్టె మీద 8 ఏళ్లు దాటినవారికి అని ఉంటుంది. ఆడటానికి ఆ వయసు సరిపోతుంది. లెక్కలు రాసి చర్చించాలంటే 12, 13 ఏళ్ల పిల్లలైతే బాగుంటుంది.

నిజానికి ఇది బోధన కోసమే పుట్టిన ఆట. 1904లో అమెరికాలో ఎలిజబెత్ మేగీ పేటెంటు పొందిన ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ దీనికి మూలం. భూమి అద్దె కొద్దిమంది చేతుల్లో ఎలా పోగవుతుందో చూపించి, అమెరికన్ ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ చెప్పిన, భూమి విలువ మీదే పన్ను వేయాలన్న వాదాన్ని జనానికి అర్థమయ్యేలా చేయాలని ఆమె ఉద్దేశం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన స్కాట్ నియరింగ్ దాన్ని తన విద్యార్థులతో ఆడించారు. 1935లో ఆటల కంపెనీ పార్కర్ బ్రదర్స్ మోనోపొలీని అమ్మడం మొదలుపెట్టాక ఆ వాదన పక్కకు పోయి పోటీ ఒక్కటే మిగిలింది.

ఇక పాఠాల విషయానికి వస్తే, అన్నిటికంటే విలువైనది వేలం నియమం. ఎవరైనా ఒక స్థలం మీద ఆగి కొననంటే బ్యాంకు దాన్ని వెంటనే వేలం వేయాలి. వద్దన్న ఆటగాడు కూడా పాడవచ్చు, పాట అచ్చు ధరకంటే చాలా తక్కువ నుంచి మొదలు కావచ్చు. చాలామంది ఈ నియమాన్ని వదిలేస్తారు. అలా వదిలేస్తే ఆట గంటలకొద్దీ సాగడమే కాదు, ధర ఎలా పుడుతుందో చూపించే చక్కటి సందర్భం పోతుంది. బోర్డు మీది స్థలాలు రంగుల వారీ గుంపులుగా ఉంటాయి, నారింజ రంగువి మూడు. 180 అని అచ్చువేసిన నారింజ స్థలానికి ఒకరు 90 కూడా పెట్టరు, ఇప్పటికే మిగతా రెండు నారింజలున్న వ్యక్తి 300 దాకా వెళ్తాడు. వస్తువు ఒకటే, విలువ మనిషిని బట్టి మారింది. ప్రతి పాటకు ముందు ఒక్కొక్కరూ తాము ఎంతవరకు వెళ్తారో రహస్యంగా చీటీ మీద రాసిపెట్టుకోవాలి. వేలం ముగిశాక చీటీలు విప్పితే చాలు, ఉద్రేకంలో తాము రాసుకున్న అంకెను దాటింది ఎవరో వాళ్లకే కనబడుతుంది.

ఉపాంత ఆదాయం, అంటే ఇంకొకటి కలిపితే అదనంగా వచ్చే ఆదాయం, పిల్లల తలకెక్కని మాట. స్థలం అద్దెలు రాసి ఉండే యాజమాన్య పత్రాల్లో 180 ధర ఉన్న నారింజ పత్రం ఒకటి బల్ల మీద పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. అక్కడ ఇల్లు ఒక్కోటీ 100. ఖాళీ స్థలం అద్దె 14. మూడు నారింజలూ ఒకరి దగ్గరుంటే 28. ఒక ఇంటికి 70, రెండింటికి 200, మూడింటికి 550, నాలుగింటికి 750, హోటల్‌కి 950. ప్రతిసారీ ఖర్చు అదే 100, కానీ అదనంగా వచ్చే అద్దె 42, 130, 350, 200, 200. మూడో ఇంటి దగ్గర శిఖరం, ఆ తర్వాత దిగుడు. ఈ అయిదు అంకెలు పిల్లలే తీసివేసి రాబట్టాలి. టీచర్ ముందే చెప్పేస్తే పాఠం చప్పబడిపోతుంది. దీనికే సంభావ్యతను కూడా జోడించవచ్చు. జైలు గడి నుంచి నారింజలు 6, 8, 9 గడుల దూరంలో ఉంటాయి. రెండు పాచికలతో ఈ మూడింట్లో ఏదో ఒకటి పడే అవకాశం 36లో 14. బోర్డు మీద జైల్లో చేరేవాళ్లు ఎక్కువ కాబట్టి ఖరీదైన ముదురు నీలం స్థలాలకంటే ఈ నడిమి రకం స్థలాలే ఎందుకు లాభసాటో పిల్లలు తామే చెప్పగలుగుతారు.

కొరత పాఠం ఇళ్ల డబ్బాలో ఉంది. పెట్టెలో ఇళ్లు 32, హోటళ్లు 12 మాత్రమే. ఇళ్లు అయిపోతే ఇంకెవరూ కట్టలేరు, వేరే వాటిని వాడి నెట్టుకురావడం నియమం ప్రకారం కుదరదు. ఎనిమిది స్థలాల మీద నాలుగేసి ఇళ్లు పెట్టి హోటల్‌కి మార్చకుండా కూర్చుంటే బజారంతా బిగుసుకుపోతుంది. సరఫరాను అడ్డుకోవడం అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చూపించలేం. పోయిన ఇళ్ల స్థానంలో గుండీలో, రబ్బరు ముక్కలో పెట్టే అలవాటు ఉంటే మానేయాలి. ఆట మొదలుపెట్టేముందు లెక్కపెట్టి సరిగ్గా 32 ఉంచాలి.

ఆస్తి ఉండటం వేరు, చేతిలో డబ్బు ఉండటం వేరు అన్నది తాకట్టు నేర్పుతుంది. మూడు నారింజల కొనుగోలుకి 560, వాటి మీద తొమ్మిది ఇళ్లకి 900, మొత్తం 1,460 పెట్టిన విద్యార్థి పెద్ద అద్దె కట్టాల్సి వచ్చిందనుకోండి. ఇళ్లు బ్యాంకుకి సగం ధరకే వెళ్తాయి, 450. ఇళ్లన్నీ అమ్మాకే స్థలాలు తాకట్టుకి వెళ్తాయి, 280. చేతికొచ్చేది 730, సరిగ్గా సగం. అందుకే పద్దు పుస్తకంలో నగదు, ఆస్తి, అప్పు, నికర ఆస్తి అనే వరుసలతో పాటు ‘ఇప్పుడే అమ్మితే వచ్చేది’ అని ఇంకో వరుస పెట్టించండి. దివాలా తీయబోయే వాళ్లను ఆ వరుస ముందే పట్టిస్తుంది.

పన్ను గడి కూడా చిన్నదేం కాదు. పాత కూర్పుల్లో ఆదాయపు పన్ను కింద 200 గానీ, మొత్తం ఆస్తిలో పదో వంతు గానీ కట్టవచ్చు, కానీ లెక్కపెట్టకముందే ఏదో ఒకటి ఎంచుకోవాలి. కొత్త కూర్పుల్లో అందరికీ 200. ఆస్తి 800 ఉన్న పిల్లకి అది 25 శాతం, 4,000 ఉన్న పిల్లవాడికి 5 శాతం. రెండు పద్ధతులూ చెరో రోజు ఆడించి చూడండి, చర్చ దానంతటదే మొదలవుతుంది.

ద్రవ్యోల్బణం గురించి ఈ ఆట ఏమీ చెప్పదని అంటుంటారు. అది పూర్తిగా నిజం కాదు. నలుగురికి తలా 1,500 చొప్పున ఆటలోకి వచ్చేది 6,000. బోర్డు మీది 28 ఆస్తుల అచ్చు ధరలన్నీ కలిపితే 5,690. అంటే మొదట్లో అందరి డబ్బూ ఆస్తుల్లోకి పోయి నగదు కటకట ఏర్పడుతుంది, వేలం పాటలు చవగ్గా ముగుస్తాయి. ఆ తర్వాత నలుగురూ ఒక్కో చుట్టు పూర్తిచేసినప్పుడల్లా బ్యాంకు నుంచి తలా 200 చొప్పున 800 కొత్త డబ్బు వస్తుంది. అచ్చు ధరలు కదలవు, కానీ ఆటగాళ్ల మధ్య బేరాలు పైకి పోతాయి. వేలం ధరల్ని, బేరాల్ని చుట్టుల వారీగా గోడ మీది కాగితంపై రాయిస్తే ఆ ఎక్కుడు కనిపిస్తుంది. నోట్లు అయిపోతే బ్యాంకు మామూలు కాగితం మీద రాసిచ్చుకోవచ్చన్న నియమాన్ని కూడా అప్పుడే చదివి వినిపించండి. పన్నులన్నీ బోర్డు మధ్యలో పోగేసి ఫ్రీ పార్కింగ్ అనే ఖాళీ గడి మీద ఆగినవాళ్లకి ఇచ్చే ఇంటి పద్ధతిని మాత్రం తరగతిలోకి రానివ్వకండి. బ్యాంకుకి తిరిగి వెళ్లాల్సిన డబ్బు మళ్లీ ఆటలోకే వచ్చేస్తుంది, ఎవరూ దివాలా తీయరు, ఆట తెగదు.

ఇక ఈ ఆట తప్పు నేర్పే చోటు వడ్డీ. తాకట్టు విడిపించడానికి 10 శాతం అదనం కట్టాలి: 100 తీసుకుంటే 110. ఒక్క వంతు తర్వాత విడిపించినా, ఇరవై వంతులు ఆగినా అంతే. కాలంతో పాటు అప్పు పెరుగుతుందన్న ముఖ్యమైన సంగతి ఇక్కడ లేకుండా పోయింది. దాచుకున్న డబ్బుకి వడ్డీ అసలే లేదు, కాబట్టి నోట్లు చేతిలో ఉంచుకునేవాడు ఎప్పుడూ తెలివితక్కువవాడిగానే కనిపిస్తాడు. ఈ లోటు పూడ్చకుండా ఆడిస్తే ‘ఉన్నదంతా స్థలాల్లో పెట్టు, తాకట్టు గురించి బెంగపడకు’ అన్నది పిల్లల మనసులో నాటుకుంటుంది, అది ప్రమాదకరం. పరిష్కారం సులువు: బ్యాంకరు దగ్గర డిపాజిట్ పుస్తకం పెట్టి, చుట్టుకి 10 శాతం చక్రవడ్డీ ఇవ్వండి. 500 వేస్తే ఆరు చుట్లకి 885 దాటుతుంది, బారువడ్డీ అయితే 800 దగ్గర ఆగుతుంది. తాకట్టు అప్పుకీ ఇదే లెక్క పెట్టండి. డిపాజిట్ వేసినవాళ్లు ఏ స్థలం వదులుకున్నారో పక్కన రాయిస్తే అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నదాని విలువ) పాఠం కూడా అందులోనే వచ్చేస్తుంది.

నడిపే తీరులో జరిగే పొరపాట్లు ఎక్కువగా సమయం వల్లే. బోర్డు మీద 40 గడులు, పాచికల సగటు 7. చుట్టుకి దాదాపు ఆరు విసుర్లు. నలుగురికి 24 వంతులు, వంతుకి 40 సెకన్లు వేసుకున్నా 16 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్‌లో 30 నిమిషాల ఆట అంటే రెండు చుట్లు కూడా పూర్తికావు. అందుకే కొన్ని కూర్పుల నియమాల్లో ఉన్న పొట్టి ఆట పద్ధతిలో మొదలుపెట్టాలి: పత్రాలు కలిపి తలా రెండు పంచి, వాటి ధర బ్యాంకుకి కట్టించాలి. బోర్డుకి నలుగురు ఆటగాళ్లు, అయిదో పిల్లో పిల్లవాడో బ్యాంకరుగా మాత్రమే. ఆడేవాళ్లకే బ్యాంకు అప్పగిస్తే లెక్కలు తప్పుతాయి, అనుమానాలు వస్తాయి. చివరి పది నిమిషాలు పద్దులకి కేటాయించి, ఎవరి నోట్లు, పత్రాలు వారి కవర్లో పెట్టించి, కవరు మీద గడి పేరు రాయిస్తే మర్నాడు అక్కడినుంచే సాగుతుంది. దివాలా తీసిన విద్యార్థిని ఊరికే కూర్చోబెట్టకండి. మిగతావాళ్ల పద్దులు తనిఖీ చేసే పని ఇవ్వండి. ఓడిపోయినవాళ్లు ఎక్కువ నేర్చుకునేది అక్కడే.

నాలుగైదు పీరియడ్లు ఇలా ఆడించాక ఒక్కరోజు నియమం మార్చి చూడండి. ఖాళీ స్థలం అద్దె అందరి ఉమ్మడి ఖజానాకి, ఇళ్ల మూలంగా అదనంగా వచ్చే అద్దె మాత్రం యజమానికి. మేగీ రూపొందించిన రెండో రకం నియమావళి స్వభావం దాదాపు ఇదే. చుట్టు చివర ఖజానాలో పోగైంది నలుగురికీ సమానంగా పంచి, నికర ఆస్తుల పట్టికను పాత రోజు పట్టిక పక్కన అంటించండి.