హన్మకొండలో టీవీ ట్యూనర్ కార్డు కొంటున్నారా? డబ్బా మీది స్టిక్కర్ గీకి చూడండి

హన్మకొండ, కాజీపేట వాళ్లు ముఖ్యంగా చదవండి. మెట్లెక్కి పైకి పోతే గ్లాసు తలుపు, లోపల చల్లగా ఏసీ ఉండే ఆ కంప్యూటర్ షాపు సంగతే చెప్తున్నా. పేరు రాయను. రాస్తే రేపు ఉల్టా నా మీదే కేసు పెట్టే రకం. ఎవరో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఈసారి మేడారం పోయే పరిస్థితి లేదు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దె మీదికి తెచ్చేది లైవ్‌లో చూడాలని, తర్వాత కూడా మళ్లీ మళ్లీ చూసుకోవాలని ఆమె ఆశ. సరే, టీవీ కింద పెట్టుకునేలా ఒక చిన్న కంప్యూటర్ చేయించి, టీవీ ప్రోగ్రాములు అందులోనే రికార్డ్ చేద్దామనుకున్నా. కేబుల్ బాక్సు పనికిరాదు. సిగ్నల్‌కు తాళం వేసి పంపుతారు, అది వాళ్ల బాక్సులోనే తెరుచుకుంటుంది. బాక్సు హెచ్‌డీఎంఐ నుంచి పట్టుకుందామంటే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ అడ్డం, నల్ల స్క్రీన్ వస్తుంది. మిగిలింది దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్. నెల చందా లేదు, జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తుంది, డిష్‌ను 93.5 డిగ్రీల తూర్పుకు తిప్పితే చాలు. దానికి కంప్యూటర్‌లో డిష్ సిగ్నల్ పట్టే ట్యూనర్ కార్డు, అంటే డీవీబీ-ఎస్2 రకం కార్డు ఉండాలి.

ఇదంతా నేను ఆ షాపు వాట్సాప్‌కు రాసి పంపాను. 'డీవీబీ-ఎస్2, డిష్ వైరు నేరుగా పెట్టేది' అని స్పష్టంగా. 'ఉంది సార్, ఒరిజినల్ పీస్' అని జవాబు, పక్కన బొటనవేలు బొమ్మ. ఆ బొటనవేలు ఎవరికి చూపించాడో ఇప్పుడు తెలిసింది.

షాపుకు పోతే మొదట గ్రాఫిక్స్ కార్డు అంటగట్టబోయాడు. 'రికార్డింగ్ అంటే హెవీ పని సార్, గేమింగ్ కార్డు లేకుంటే హ్యాంగ్ అయితది' అన్నాడు. అబద్ధం. డిజిటల్ టీవీ సిగ్నల్ కుదించిన రూపంలోనే వస్తుంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు డిస్కులో రాసుకోవడమే పని. మామూలు ప్రాసెసర్‌కు అదొక లెక్క కాదు. అది వద్దన్నా. మొత్తం బిల్లు 46 వేలు, అందులో ట్యూనర్ కార్డుకు 4,800. జీఎస్టీ బిల్లే కావాలని పట్టుబట్టా. మొహం మాడ్చుకుని ఇచ్చాడు.

ఇంటికి డిష్ పెట్టే పిల్లగాడు వచ్చాడు. డాబా మీద డిష్ బిగించి, వైరు కిందికి దించి, చివర పిన్ను కట్టి కార్డుకు తిప్పుతున్నాడు. తిరగట్లేదు. 'అన్నా, ఇది ఎక్కుతలేదే, దీనికి మర్రలే లేవు' అన్నాడు. టార్చ్ కొట్టి చూశా. డిష్ కార్డు సాకెట్ బయట ఇత్తడి మర్రలుంటాయి, పిన్ను దాని మీద తిరిగి బిగుసుకుంటుంది. దీనికి నున్నటి గొట్టం, లోపల ఒక బొక్క. మా చిన్నప్పటి యాంటెన్నా పిన్ను దూర్చే రకం.

డబ్బా తెచ్చి చూస్తే మీద తెల్ల స్టిక్కర్: 'హెచ్‌డీ డిజిటల్ టీవీ కార్డ్'. మూల కొంచెం లేచి ఉంది. గోరుతో గీకుతూ పోయా. కింద అసలు అచ్చు బయటపడింది: 'అనలాగ్ టీవీ, ఎఫ్ఎం ట్యూనర్'. దాని కింద 'పాల్, సీకామ్, ఎన్‌టీఎస్‌సీ'. ఇవన్నీ డిజిటల్ రాకముందు నడిచిన పాత టీవీ సిగ్నల్ రకాలు. లోపల ఎఫ్ఎం రేడియోకు ఒక వైరు, పాతకాలం విండోస్ ఎక్స్‌పీ, విస్టాలకు పనిచేసే డ్రైవర్ సీడీ. నా కంప్యూటర్‌కు సీడీ పెట్టే డ్రైవే లేదు! కేబుల్ మొత్తం డిజిటల్ కావాలని దేశమంతటికీ పెట్టిన ఆఖరి గడువే 2017 మార్చి 31. ఈ కార్డుతో నేను ఇప్పుడు ఎవరి సిగ్నల్ పట్టాలి?

డబ్బా, కార్డు, స్టిక్కర్ అన్నీ పట్టుకుని పోయా. కౌంటర్ మీద పెట్టి, 'ఇది అనలాగ్ అన్నా, డిష్ వైరే ఎక్కట్లేదు' అని మర్యాదగానే చెప్పా. ఆయన ఫోన్ లోంచి తల ఎత్తలేదు.

'టీవీ కార్డ్ అడిగిన్రు, టీవీ కార్డ్ ఇచ్చినం. బిల్లు మీద అదే ఉంది చూస్కోన్రి.'

నిజమే, బిల్లు మీద ఉత్త 'టీవీ ట్యూనర్ కార్డ్' అనే ఉంది. వాట్సాప్ తెరిచి చూపించా. 'అది మా పిల్లగాడు పెట్టిండు, నేను పెట్టలే' అన్నాడు. ఆ పిల్లగాడు పక్కనే నిలబడి స్క్రూడ్రైవర్ దిక్కు చూస్తున్నాడు. స్టిక్కర్ సంగతి అడిగితే, 'సీల్ చింపింది మీరు, స్టిక్కర్ పీకింది మీరు, మళ్ల మాదే తప్పా?' అని గొంతు పెంచాడు. అప్పటికి షాపులో ఇంకో ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి నవ్వుతూ, 'యూట్యూబ్ చూసి వచ్చినోళ్లంత ఇంజినీర్లే ఈ మధ్య' అన్నాడు. వాళ్లూ నవ్వారు. పైసల కన్నా ఆ నవ్వే ఇంకా చెవుల్లో మోగుతోంది. గోడకు 'అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు' అని బోర్డు. దాని కింద నిలబడి వాపస్ అడుగుతున్న నాకు దండేసి దండం పెట్టాలి.

ఇంటికొచ్చి అనుమానంతో హార్డ్ డిస్క్ కూడా చూశా. 24 గంటలూ రాస్తూ ఉన్నా తట్టుకునే సీసీ కెమెరా రకం, 4 టీబీ, 'కొత్తది' అని ఇచ్చాడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్కు ఎంత వాడారో చూపించే సాఫ్ట్‌వేర్ పెడితే అప్పటికే 26 వేల గంటలు తిరిగిందట. అంటే దాదాపు మూడేళ్లు. ఎవరి దుకాణానికి కాపలా కాసి రిటైర్ అయ్యిందో పాపం, నా ఇంటికి పింఛనుకు వచ్చింది. దాని ఫొటో పంపితే వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లయింట్ రాయించా. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని పైసలివ్వనంటే అది అనుచిత వ్యాపారమే. గోడ మీద బోర్డు ఏం చెప్పినా సరే. ఇక్కడ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు కూడా లేదు.

కొనేవాళ్లకు నాలుగు ముక్కలు. బిల్లు మీద 'డీవీబీ-ఎస్2' అని, మోడల్ నంబరుతో సహా రాయించుకోండి. సాకెట్‌కు మర్రలున్నాయో లేవో కౌంటర్ దగ్గరే చూడండి. ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే నంబరు చివర 'ఎఫ్' ఉన్నది తీసుకోవద్దు, అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు, మళ్లీ కార్డు కొనిపిస్తారు. కార్డు పెట్టే స్లాటు లేని మినీ పీసీ కొంటే యూఎస్‌బీ ట్యూనర్ అడగండి. డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో మాత్రం పైసలు కట్టక ముందే, వాళ్ల కంప్యూటర్ మీదే చూపించమనండి. చూపించను అంటే మెట్లు దిగి వచ్చేయండి.